ముందు ఇరుసు పళ్లు

చాంద్రాయణగుట్ట షెడ్డులో ఆ పొద్దున ఉన్నవి: జీపు, రెండు జాకీలు, ఆగని వాన, నేను, మెకానిక్ భాయ్. జల్‌పల్లిలో నీళ్లు చుట్టుముట్టిన ఇంట్లో ఆయన కూతురు, నిండు చూలాలు. అక్కడికి చేరాలంటే జీపు నాలుగు చక్రాలూ లాగాలి. పాతది విరగడంతో వెనక ఇరుసుకు నలభై మూడు పళ్ల గేరు బిగించాడు. ముందు ఇరుసుకూ అన్నే పళ్లుండాలి, లేకుంటే రెండూ పోట్లాడి విరుగుతాయి.

ముందు ఇరుసుకు తెచ్చిన కొత్త గేరు పెట్టె మీద నలభై మూడనే ఉంది; కానీ పెట్టె మీది అంకెను ఆయన ఎన్నడూ నమ్మడు. కొత్త గేరును ఒళ్లో పెట్టుకుని, ఒక్కో పన్నునూ బొటనవేలితో తడుముతూ లెక్కపెట్టాడు. ఆగాడు. తుడిచి మళ్లీ మొదలుపెట్టాడు.

"ఎన్ని భాయ్?"

"ఆగు బేటా, గ్రీజుకు వేలు జారింది. నువ్వు చూడు. ఇంజనీరువి గద, నీ లెక్కకైనా నాలుగెక్కువ రావాలె."

లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది.