మంట కనబడని పొయ్యిలో కోడి

ఓవెన్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో అరబ్బీ ఉంది, ఇంగ్లీషు ఉంది, ఇంకేవో రెండు భాషలున్నాయి. తెలుగు లేదు. మా కోరుట్ల దిక్కు నుంచి ఇంటికొకడు ఎడారి దేశాలకు పోయి, చెమటోడ్చి కొనుక్కొచ్చే వస్తువు ఇది. మా భాషలో నాలుగు ముక్కలు రాయాలని ఎవడికీ తోచలేదు! నేను బడికి పోలేదు. సిరిసిల్లలో మగ్గాల మీద పనిచేసిన రోజుల్లో మిషన్లకు కొట్టిన రేకుల మీది అక్షరాలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఆ చదువుతోనే ఈ పుస్తకం పట్టాను.

పట్టక తప్పలేదు. నా భార్య, మా ముసలామె, కడుపులో ఇన్‌ఫెక్షన్‌తో జగిత్యాల దవాఖానాలో ఉండి వచ్చింది. మనిషి సగమైంది. జావ తప్ప ఏదీ ముట్టడం లేదు.

"బలం రావాలె, చికెన్ పెట్టు. నూనె వద్దు. జర పచ్చిగున్నా మళ్ల ఈడికే వస్తరు" అని డాక్టర్ నాకు చెప్పి పంపాడు.

మా అల్లుడు దుబాయి నుంచి తెచ్చిన ఓవెన్‌ను సిరిసిల్లలో ఉన్న మా బిడ్డ మాకు పంపింది. మాంసంలో గుచ్చి వేడి చూసే సూది కూడా పెట్టింది.

"గా డబ్బాల మంటేది? మంట లేంది ఉడుకుతదా? నేను తినను" అని మా ముసలామె అటు తిరిగి పడుకుంది.

తినిపించాల్సిందే అనుకున్నాను. పసుపు రాసి కాల్చిన తోలు లేకపోతే ఆమెకు కోడి కోడే కాదు. అందుకని లేత నాటుకోడిని దుకాణంలోనే కాల్పించి, శుభ్రం చేయించి తెచ్చాను. నల్లా తిప్పబోతుంటే వీడియోలో చూస్తున్న బిడ్డ ఫోన్‌లోనే అరిచింది.

"బాపూ, నల్ల కింద కడుగకు! తుంపర్లు ఎగిరి గిన్నెలన్నిటికి అంటుతయి. ముట్టుకున్న చేతులు, కత్తి సబ్బుతోని కడుగు."

నాకు చెప్పొచ్చిందా అని కోపమొచ్చింది. అయినా విన్నాను.

ఓవెన్‌ను రెండు వందల డిగ్రీల మీద ముందే వేడెక్కించి కోడిని పెట్టాను. కొంతసేపటికి ఇల్లంతా కమ్మటి వాసన. తోలు బంగారు రంగులో మెరుస్తోంది. మా ముసలామె గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అయ్యింది తీ. ఆకలైతుంది, పెట్టు."

పళ్లెంలో పెట్టి తొడ చీల్చాను. బొక్క దగ్గర, ఎముకను అంటుకుని, ఎర్రగా రసం కారింది. కాల్చిన తోలు, పసుపు! ఓవెన్‌లో పెట్టకముందే అది వండినట్టుంది. నేను ఆ రంగునే నమ్మాను. బొక్కకు తగలకుండా తొడలో సూది గుచ్చాను. డెబ్బై నాలుగు డిగ్రీలు దాటాలని పుస్తకంలో ఉంది. దాని దరిదాపుల్లో కూడా లేదు. ఆ పళ్లెం సబ్బునీళ్లలో వేసి, కోడిని మళ్లీ లోపలికి తోశాను.

"ఆకలైతుందంటె మళ్ల లోపల పెడ్తివి? తెగిన పోగు అతికినట్టు గంతసేపు సూసుడేంది? కోడిని నేస్తున్నవా?"

"ఇన్నొద్దులకు నీ నోట ఆకలి అన్న మాట అచ్చింది. జర ఆగే. పచ్చిది పెట్టి నిన్ను మళ్ల దవాఖానకు తోల్కపోను."

ఆమె స్టూలు లాక్కుని ఓవెన్ అద్దం ముందు కాపలా కూర్చుంది. అయినా నేను కోడిని బయటికి తీయలేదు.

ఈసారి సూది డెబ్బై నాలుగు దాటింది. రెండో తొడలోనూ చూశాను, దాటింది. రసం తేటగా ఉంది. కాసేపు ఆగి, బొక్క దాకా విప్పి ఆమెకే చూపించాను. వేలితో విడదీసి చూసుకుని నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు సాల్లేదు" అంది.

బొక్క శుభ్రంగా నాకి పక్కన పెట్టి, పళ్లెం నా ముందుకు జరిపింది.

"గా రెండో తొడ ఎవ్వరికి దాసినవ్?"