ప్రత్తిపాడులో నేను తలూపిన రోజు

కనిగిరి కోట చూపిస్తానని నా స్నేహితుడు ఎమ్మెస్సీ చదివే రోజుల నుంచీ ఊరిస్తూనే ఉన్నాడు. వాడి సొంతూరు ఆ పక్కనే. గుంటూరులో రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాం, ఒకరి చొక్కాలు ఒకరం తొడుక్కున్నాం, కోట మాత్రం చూసింది లేదు. చదువయ్యాక వాడు ప్రత్తిపాడులో పురుగుమందుల కొట్టు పెట్టాడు. నేను విశాఖపట్నంలో కాలేజీ లెక్చరరునయ్యాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కెనడాలో ఒక ల్యాబ్‌లో పది నెలలు పనిచేసి వచ్చాను. అదేదో పెద్ద పరిశోధన అనుకునేరు. గోడలకు వేసే రంగులు ఎండకి ఎందుకు వెలిసిపోతాయో చూడటం, అంతే. విమానం దిగి, గుంటూరులో అక్క వాళ్లింట్లో నాలుగు రోజులుండి వెళదామని ఆగాను. పగలూ రాత్రీ తిరగబడ్డాయి. రాత్రి రెండింటికి ఆకలేసేది. పగలు పప్పన్నం కలుపుతూ కంచం మీదికి తూలేవాణ్ణి. అక్క నవ్వలేక చచ్చింది.

రెండో రోజు వాడు ఫోన్ చేశాడు.

"ఏరా, నిద్ర సరిగ్గా పడుతోందా?"

"ఎక్కడ పడుతుంది! రాత్రంతా కళ్లు తెరుచుకు కూర్చోవడం, పొద్దున పదకొండు కొట్టేసరికి కూర్చున్నచోటే నిద్రపోవడం."

"పదకొండుకా? రోజూ అంతేనా?"

"టంచనుగా. గంటసేపు నా పక్కన బాంబు పేలినా తెలీదు."

"పాపంరా," అన్నాడు. "సరే, రేపు నేనే జీపేసుకొస్తా. కోట చూద్దాం. దారిలో కొట్టు దగ్గర చిన్న పనుంది, చూసుకుని పోదాం."

పది నెలలు పరాయి దేశంలో ఉండి వచ్చినవాడికి ఆ "పాపంరా" ఎంత చల్లగా ఉంటుందో చెప్పలేను. నా నిద్ర గురించి అంత వివరంగా అక్క కూడా అడగలేదు.

మర్నాడు బయలుదేరాం. దారికి రెండువైపులా పత్తి మోకాలెత్తు పెరిగి పచ్చగా ఉంది. ప్రత్తిపాడు చేరేసరికే నా కళ్లు మూతలు పడుతున్నాయి. కొట్టు ముందు షామియానా వేసి ఉంది, కింద నలభై మందిదాకా రైతులు. వాడు నన్ను మధ్య కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎవరో వచ్చి నా మెడలో బంతిపూల దండ వేశారు. ఎందుకని అడిగే ఓపిక కూడా లేదు. "నువ్వలా కూర్చోరా, రెండు మాటలు చెప్పేసి వస్తా," అన్నాడు వాడు. మైకు కీచుమంది. కొట్టులోంచి మందుల ఘాటు ముక్కుకి తగిలింది. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

లేచేసరికి షామియానా విప్పుతున్నారు. వాడు చల్లటి మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, జీపెక్కించాడు.

కోట నిజంగానే చూపించాడు. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. సాయంత్రం కొండెక్కాం. కూలిన గోడల మీద కూర్చుని వాడు కొన్న జామకాయలు ఉప్పూకారం అద్దుకుని తిన్నాం. కింద ఊరు, ఊరి చుట్టూ ఎర్రమట్టి చేలు. పాత సంగతులు చెప్పుకుని పొట్ట పట్టుకుని నవ్వాం. స్నేహితుడంటే అలా ఉండాలని ఇంటికొచ్చి అక్కతో అన్నాను కూడా.

కోట మీద తీసిన ఫోటోలు కడిగించి పెట్టానని వాడు కబురు చేస్తే, దీపావళి సెలవులకి గుంటూరు వచ్చినప్పుడు వాడి కొట్టుకి వెళ్లాను. గుమ్మం పక్కన గోడకి నా బొమ్మ ఉంది. కోట మీద తీసింది కాదు. మెడలో బంతిపూల దండ, వంచిన తల, నా ముందు బల్ల మీద ఒక మందు సీసా. ఆ సీసానే దీక్షగా చూస్తున్నట్టున్నాను. కింద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది: కెనడా శాస్త్రవేత్త మెచ్చిన మందు.

నేను తేరుకోకముందే బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి చేతులు జోడించాడు.

"నమస్కారమండీ. తమరేగా! మీరు చెప్పారనే మూడెకరాలకీ కొట్టానండీ. పురుగు చావలేదు."

భుజం మీది తుండు తీసి ముడి విప్పాడు. పత్తికాయలు. ప్రతి కాయకీ చిల్లు. ఒకదాంట్లోంచి పచ్చపురుగు తల బయటపెట్టి ఇంకా తింటూనే ఉంది.

"నేనేం చెప్పానండీ?" అన్నాను.

"నోటితో చెప్పలేదనుకోండి. ఈ మందుకి పచ్చపురుగు చస్తుందాండీ అనడిగాను, తలూపారు. నాకు ఒకసారడిగితే చాలదు. మూడెకరాలకీ ఇదొక్కటే కొట్టొచ్చా అని మళ్లీ అడిగాను. ఈసారి ఇంకా గట్టిగా ఊపారు. ఇంకో మందు కొనకుండా ఆగిపోయాను."

నా స్నేహితుణ్ణి రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్లాను. వాడికి కంగారేమీ లేదు.

"ఒరేయ్, నువ్వు అబద్ధం చెప్పావా? లేదు. నేను చెప్పమన్నానా? లేదు. నిద్రపోయావు. దానికింత గోలేంటి?"

"మెలకువగా ఉంటే, నాకు గోడరంగులు తప్ప ఇంకేం తెలియవని వాళ్లకి చెప్పేవాణ్ణి కదరా!"

"అందుకేగా మీటింగు పదకొండింటికి పెట్టింది," అని నవ్వాడు. తన తెలివికి నేను కూడా నవ్వుతాననుకున్నాడు.

ఒళ్లు మండిపోయింది. మండటం కన్నా ముందు సిగ్గేసింది. ఫోన్లో అంత ప్రేమగా నా నిద్ర వేళలు కనుక్కున్నది ఇందుకా! ఆ "పాపంరా" తల్చుకుని నేను మురిసిపోయానే! కోట, జామకాయలు, ఆ నవ్వులు, అన్నీ నేను చేసిన పనికి ఇచ్చిన కూలి. ఎవడైనా డబ్బు ఎగ్గొడితే మర్చిపోతాను. నా ఒళ్లు ఎప్పుడు తూలుతుందో తెలుసుకుని, ఆ వేళకి నన్ను తీసుకెళ్లి రైతుల ముందు కూర్చోబెట్టినవాణ్ణి మాత్రం ఇవాళ్టికీ క్షమించలేదు.

బయటికొచ్చి ఆ బొమ్మ చింపేశాను. పెద్దాయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. నిజం చెబితే ఆయన నన్ను అర్థం చేసుకుంటాడని, నేనూ మోసపోయినవాణ్ణేనని గ్రహిస్తాడని అనుకున్నాను.

"నేను సైంటిస్టుని కాదండీ. పురుగుల సంగతి నాకు తెలియదు. ఆ రోజు నేను తలూపలేదు. ప్రయాణం బడలికకి కునుకు పట్టి తూలాను," అన్నాను.

ఆయన కాయలన్నీ ఒక్కొక్కటే తుండులో వేసి ముడి కట్టాడు.

"పురుగు చావకపోయినా మిమ్మల్ని నేనొక్క మాట అనలేదండీ. ఎంత చదివినాయనకైనా ఒక్కోసారి తప్పుతుందని మా ఇంట్లో వాళ్లకి కూడా సర్దిచెప్పాను," అన్నాడు. మూట భుజాన వేసుకుంటూ నా ముఖంలోకి చూశాడు. "అయితే నేనడిగింది మీరు విననే లేదన్నమాట."

ఈసారి మెలకువలోనే తలూపాను.