తోక రెక్కకు మూడోసారి పెయింటు

పాత యుద్ధవిమానాన్ని రాడార్‌కు కనబడకుండా చేయమంటే నాకు ఒళ్లు మండుతుంది. దాన్ని గీసినవాళ్లు వేగం గురించి ఆలోచించారు, దాక్కోవడం గురించి కాదు. తోక గోడలా నిటారుగా ఉంటుంది. గాలి పీల్చే నోట్లోంచి ఇంజిన్ బ్లేడ్లు కనబడతాయి. రెక్కల కింద క్షిపణులు బాహాటంగా వేలాడుతుంటాయి. ఆకారం మారకూడదట, బరువు పెరగకూడదట, స్టెల్త్ మాత్రం వచ్చేయాలట! పని అప్పగించిన పెద్దలు బెంగళూరులో ఏసీ గదిలో కూర్చుని ఎన్నైనా చెబుతారు.

మా చిన్న సంస్థ వంతుకు వచ్చింది తోక రెక్క. రాడార్ తరంగాలను పీల్చుకునే పెయింటు దానికి పూసి, ఎంత తిరిగి వస్తోందో కొలవాలి. కొలిచే చోటు వజ్రకరూరు దగ్గర మెట్ట నేల. వాన పడదని సంతోషించి ఈ నేలను తీసుకున్నది బహుశా మేమొక్కరమే. వానలకు చేలల్లో వజ్రాలు బయటపడే ఊరు కదా, పక్క చేని రైతు మాత్రం మేం వాటి కోసమే వచ్చామని తేల్చేశాడు. "ఏమ్మా, ఏమన్నా దొరికినాయా? మాకు చెప్పకుండా దాచిపెడతాండారా?" అని రోజూ పొద్దున్నే పలకరింపు. రాడార్ అని ఎన్నిసార్లు చెప్పినా నమ్మడు.

పెయింటు కొట్టేది పామిడి నుంచి వచ్చిన మేస్త్రీ. నాకన్నా ఇరవయ్యేళ్లు పెద్ద, లారీలకు రంగులేసి చేయి తిరిగినవాడు. అయినా మొదటి కొలతలోనే తెర మీద గీత ఒకచోట నిలువునా లేచింది, అంటే అక్కడ తరంగాలు ఇంకక తిరిగి వచ్చేస్తున్నాయి. "పొర సమంగా పడలేదు, మీ చేయి వణికింది," అన్నాను. గరుకు కాగితంతో అంతా రుద్ది మళ్లీ కొట్టాడు. రెండోసారీ అదే గీత, అదే చోట. మా పైఆఫీసరు ఫోన్‌లో, "ఇంకోసారి ఇలాగే వస్తే ఆయన్ని పంపించేయండి. ఇక్కణ్నుంచి మనిషిని పంపుతాం," అన్నాడు. నేను అడ్డు చెప్పలేదు. పైగా అందరి ముందూ మేస్త్రీని కడిగేశాను.

"యాడ తప్పు చేసినానో నాకే అంతు పట్టకుండా ఉండాదమ్మా," అని ఆయన మళ్లీ గరుకు కాగితం అందుకున్నాడు. ఆ ఎండలో, ఆ వయసులో.

మూడో పొర ఆరింది. ఎవరి మీదా నమ్మకం లేక, రెక్కను నిలబెట్టిన చట్రం బోల్టులు నేనే బిగిద్దామని వంగాను. చట్రానికి వేలెడంత జరీ పోగు కట్టి ఉంది.

అది నేను కట్టిందే. ధర్మవరంలో మా ఇంట్లో మగ్గం మీదికి కొత్త పని ఎక్కితే నాయన మగ్గం గుంజకు జరీ పోగు కట్టేవాడు. నేనూ ప్రతి కొత్త పనికీ టేబుల్ కాలికి కట్టుకుంటాను. ఇక్కడ ఆరుబయట టేబుల్ లేదు, చట్రానికి కట్టాను. అదీ లెక్కలోంచి తీసేయడానికి ఖాళీ చట్రాన్ని ముందుగా కొలిచేశాక. అందుకే పోగు ఆ కొలతలో దొరకలేదు. రాడార్‌ను తికమక పెట్టడానికి విమానాలు గాల్లో చల్లేవి సరిగ్గా ఇలాంటి లోహపు పూత పోగులే. ఆ సంగతి క్లాసులో పదిమందికి చెప్పినదాన్ని! నా బుద్ధి గడ్డి తిన్నది.

చుట్టుపక్కల ఎవరూ లేరు. తెంపి జేబులో వేసుకుంటే సరిపోయేది. మూడోసారికి మేస్త్రీ చేయి కుదిరిందని అందరూ అనుకునేవాళ్లు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. కానీ ఆయన రుద్దిన రెండు పొరలూ గుర్తొచ్చి మేస్త్రీని పిలిచాను. ఆయన ముందే పోగు విప్పి రెక్కను మళ్లీ కొలిచాను. గీత బుద్ధిగా పడుకుంది.

"తప్పు మీది కాదు, నేను కట్టిన ఈ పోగుది. క్షమించండి," అన్నాను.

ఆయన నాలుగు మాటలంటే నాకు తేలికయ్యేది. పోగు వైపు వింతగా చూశాడు. "ఇదా? మొదటి రోజే చూసినా కదమ్మా. రుద్దేటప్పుడు యాడన్నా తెగిపోతాదని రెండుసార్లూ విప్పి జేబులో పెట్టుకుని, పనయినాక మళ్ల కట్టినా. పని బాగుండాలని కట్టుకున్నారు కదా," అన్నాడు.

అందరి ముందూ నేను అరిచిన రోజు కూడా కట్టాడన్నమాట. తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను.