గుండయ్య బండిలో మసి

చాంద్రాయణగుట్ట చుట్టుపక్కల బస్తీల్లో గుండయ్య తెలియనివాళ్లు లేరు. కానీ అతన్ని నోరారా పలకరించేవాళ్లు మాత్రం తక్కువే. సేవా సంఘం వాళ్ల వైకుంఠ రథం నడుపుతాడు మరి! పొద్దున్నే ఎదురైతే తల తిప్పుకుంటారు. హోటల్లో చాయ్ తాగుతుంటే పక్క బల్ల మెల్లగా ఖాళీ అవుతుంది. ఇంట్లో మనిషి పోయిన రోజు మాత్రం "గుండన్నా, నువ్వే రావాలె" అని చేతులు పట్టుకుంటారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. లోకం తీరే అంత, దాన్ని తిట్టుకుని లాభం లేదు.

అంతకుముందు అఫ్జల్‌గంజ్‌లో కిరాణా మూటలు చేరవేసే టెంపో నడిపేవాడు. ఆ టెంపో తుక్కు కింద పోయాక ఈ బండి దొరికింది. పెళ్లాం ఆగమ్మ మొదట్లో ఒప్పుకోలేదు. "శవాలను మోసి వచ్చినోనికి నేను బువ్వ పెట్టాల్నా?" అని అలిగి పడుకుంది. కొన్నాళ్లకు తనే కూర్చుని బండికి కట్టే బంతిపూల దండలు గుచ్చడం మొదలుపెట్టింది.

గుండయ్యకు ఆ పనిలో ఒక మర్యాద అబ్బింది. హార్న్ కొట్టడు. ఏడుస్తున్నవాళ్ల ముందు ఫోన్ తీయడు. మనవాళ్లు ఏ ఇంటినుంచి బయలుదేరినా 'పోతా' అనరు, 'వస్తా' అంటారు కదా. గుండయ్య ఆ మాట ఎవరింటి ముందు అనగలడు? అంటే చెప్పు తీసుకుంటారు. అందుకని పని ముగిశాక ఒకసారి తల వంచి, మాట్లాడకుండా బండి తిప్పుకుని పోతాడు.

అతనికి పంతమల్లా ఒక్కటే. ఎత్తిన శవం దారిలో ఆగకూడదు. ఆగితే జనం ఇంజన్ వంక చూడరు, శవం వంక చూస్తారు. పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందనీ, ఎవరో అతని ఉసురు పోసుకున్నారనీ మొదలుపెడతారు. కుండకు మూకుడుంది గానీ లోకానికి మూకుడెక్కడిది?

బండి పాతది, డీజిల్‌ది. డప్పుల వెనక మనిషి నడకంత మెల్లగా, ఫస్టు గేరులో పోవాలి. ఒక్కోచోట దండలు వేసేదాకా, దగ్గరివాళ్లు వచ్చేదాకా ఇంజన్ తిరుగుతూ నిలబడాలి. అలాంటి బండిలో డీజిల్ సరిగ్గా కాలదు. కాలనిదంతా మసై లోపల పేరుకుంటుంది. ఈ సంగతి అతనికి చెప్పింది మెకానిక్ ఖాజా భాయ్.

"గుండన్నా, దీనికి దౌడ్ కావాలె. పదిహేను రోజులకొకసారి శంషాబాద్ రోడ్డు మీద ఖాళీగ గట్టిగ తోలు. నెలకొకసారి ట్యాంకుల గీ బాటిల్ పొయ్యి. మసి పట్టకుండ చూస్తది."

గుండయ్య బాటిల్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీని మీద అయిదు వేల కిలోమీటర్లకొకసారి అని రాసుంది గద భాయ్?"

"అది తిరిగే బండ్లకు. నీది తిరిగే బండి కాదు, నిలబడే బండి. నువ్వు నెలలు చూస్కో, మీటర్ చూడకు."

చెప్పినట్టే చేశాడు. సంఘం వాళ్లు ఒక పెట్టె బాటిళ్లు తెప్పించారు. నెల తిరగ్గానే ట్యాంకులో ఒకటి ఒంపేవాడు. ఇంజన్ కూడా మాట విన్నది, పొగ తగ్గింది, మొరాయించడం మానేసింది. అంతా బాగుందనుకునేలోపు ఒకరోజు శంషాబాద్ రోడ్డు మీద ఖాళీ వైకుంఠ రథం దూసుకుపోతుంటే, కొత్తగా పెళ్లయిన జంట కారుకు ఎదురైంది. ఆ కారులోని పెద్దమనిషి బండి మీదున్న నంబరు చూసి సంఘానికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు.

సంఘం అధ్యక్షుడు రామ్‌చందర్, ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. గుండయ్యను పిలిపించాడు. "శవాల బండితోని షికార్లేందయ్యా? ఇగ బంద్!" అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. కళ్లద్దాలు సవరించుకుని బాటిల్ మీది రాత చదివాడు. "అయిదు వేలని రాసుంటే నెలనెలా పోసుడేంది? కంపెనోళ్ల కన్న నీకెక్కువ తెల్సా?" అని పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశాడు.

బస్తీ నుంచి శ్మశానం ఎంత దూరమని? ఆ బండి అయిదు వేలు తిరగాలంటే బస్తీ సగం ఖాళీ కావాలి. గుండయ్య ఆ మాట మనసులో అనుకున్నాడు గానీ పైకి అనలేదు. పెద్దాయన మాటకు ఎదురు చెప్పే అలవాటు అతనికి లేదు. అదే అతని ఖర్మ అయింది.

చలికాలం పోయి ఎండలు ముదిరేసరికి బండి నల్లటి పొగ కక్కసాగింది. ఎత్తు ఎక్కాలంటే రొప్పేది. నిలబడినప్పుడు ఇంజన్ వణికి ఆగబోయేది. గుండయ్య ఖాజా భాయ్ దగ్గరకు పరుగెత్తాడు. భాయ్ మూత తెరిచి వేలు పెట్టి చూసి, ఆ వేలు గుండయ్యకు చూపించాడు. తారులా ఉంది.

"ఇగ బాటిల్‌తోని కాదు గుండన్నా. అది మసి పట్టకముందు పోసే మందు. గిది గడ్డకట్టి కూసుంది. ఇంజన్ ఇప్పి గోకాలె. గప్పటిదాక శవాన్ని ఎక్కియ్యకు."

రామ్‌చందర్ ఆ మాట చెవిన పెట్టలేదు. బండిని పక్కన పెడితే బస్తీ వాళ్లు వేరే సంఘం బండి పిలుస్తారు, పరువు పోతుందని ఆయన భయం. బీరువా తాళం తీసి, మహా ఉదారంగా ఒక బాటిల్ చేతిలో పెట్టాడు. "తీస్కపో. మొత్తం పొయ్యి. అదే సాఫ్ అయితది." గుండయ్య పోశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది.

గోవర్ధన్ పోయింది ఆ వారంలోనే. గోడలకు రంగులేసే మనిషి, ఇంకా ముప్పై నిండలేదు. పనిలో ఉండగానే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదు. ఇంట్లో తల్లి బాలమ్మ, భార్య నందిని. పిల్లలు లేరు. బాలమ్మ గుండెలు బాదుకుంటూ ఒకటే మాట ఏడుస్తోంది. "తినకుండ పోయిండు నా కొడుకు! దీని నోటికి జడిసి ఆకలితోని పోయిండు!" ఆ పక్కనే నందిని గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడుపు కూడా రావడం లేదు ఆ పిల్లకు. అదీ తప్పయింది. "చూడుర్రి, కంట్ల నీళ్లున్నయా?" అని ఆడవాళ్లు గుసగుసలాడారు.

శవాన్ని ఎక్కించారు. డప్పులు ముందు, బండి వెనక, దాని వెనక బంధువులు, ఆడవాళ్లు. గుండయ్య ప్రాణమంతా ఇంజన్ చప్పుడు మీదే ఉంది. సందుల్లో బాగానే వచ్చింది. ఫ్లైఓవర్ కిందికి వచ్చాక డప్పుల వాళ్లు ఆడుతూ నిలబడ్డారు. ఇంజన్ ఒకసారి వణికింది, రెండోసారి దగ్గింది, ఆగిపోయింది.

తాళం తిప్పాడు. రాలేదు. మళ్లీ తిప్పాడు. కర్రుకర్రుమంది గానీ అందుకోలేదు. వెనక బస్సులు హార్న్‌లు మోగిస్తున్నాయి. కుర్రాళ్లు తోశారు, లాభం లేదు. డప్పులు ఆగిపోయాయి.

"పోతలేడు," అంది ఒక ముసలమ్మ. "మనసుల ఏదో ఉంది వానికి."

అంతే! ఆ మాట మంటలా పాకింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఎవరో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గుండయ్య దిగి గబగబా ముందు మూత ఎత్తాడు. డీజిల్ చిమ్మే ముక్కుల మీద మసి అడ్డంపడిందని అతనికి తెలుసు. వేడి కొంచెం తగ్గితే మళ్లీ అందుకోవచ్చు. కొంచెంసేపు ఆగితే చాలు.

ఆగేదెవరు? బాలమ్మ కోడలి రెక్క పట్టుకుని బండి వెనక్కి లాక్కొచ్చింది. "కాళ్ల మీద పడు! తప్పయిందని అను! నువ్వు అంటే గాని పోడు నా కొడుకు!"

"నేనేం జేసిన అత్తా?" అంది నందిని.

గుండయ్య ఉండలేకపోయాడు. గుంపులోకి వచ్చి గొంతెత్తాడు. "అమ్మా, ఆ పిల్లను ఏమనకుర్రి. బండిల మసి ఉన్నది. ఇంజన్ ఖరాబైంది. శవానికీ దీనికీ సంబంధం లేదు."

నలుగురు తలలు తిప్పి చూశారు. ఆ గుంపులోనే ఉన్న రామ్‌చందర్ దగ్గరకు వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఖరాబైన బండి ఎందుకు తెచ్చినవ్ అంటే ఏం చెప్తవ్?" అన్నాడు పళ్లమధ్య నుంచి. "నిన్నూ నన్నూ కలిపి తంతరు. మూస్కో." తర్వాత అందరికీ వినపడేలా, "బండి మంచిగనే ఉంది, మొన్ననే మందు పోసినం" అన్నాడు. గుండయ్య నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు. ఛీ, ఎంత పిరికితనం! తనకే అసహ్యం వేసింది.

అవతల ఆడవాళ్లు నందిని మెడ పట్టి శవం పాదాల మీదికి వంచుతున్నారు. "అను! అనవే!" ఆ పిల్ల తల ఇనుప బల్లకు తగిలిన చప్పుడు గుండయ్యకు వినిపించింది. ఇక చూడలేక పరుగున డ్రైవర్ సీట్లోకి ఎక్కాడు. బండి కదిలితే వాళ్లు ఆ పిల్లను వదిలేస్తారు. అతని బుర్రలో ఉన్నది అదొక్కటే. దేవుడా, ఈ ఒక్కసారి అందుకో అని తాళం తిప్పాడు.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి నందిని గొంతు, "తప్పయింది! నాదే తప్పు!"

ఇంజన్ అందుకుంది.

గోవిందా గోవిందా అని జనం ఒక్కసారి అరిచారు. డప్పులు మోగాయి. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే పండును కాకే రాల్చిందంటారు. ఇక్కడ వందమంది కళ్లారా చూశారు, చెవులారా విన్నారు. వాళ్లకు ఇంకెవరు ఏం చెప్తే ఎక్కుతుంది? గుండయ్య అద్దంలో వెనక్కి చూశాడు. నందిని రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని, కదిలిపోతున్న బండిని నోరు తెరిచి చూస్తోంది.

ఆ తర్వాత ఖాజా భాయ్ ఇంజన్ విప్పాడు. గోకితే పెచ్చులు పెచ్చులుగా మసి ఊడింది. గుండయ్య దాన్ని కాగితంలో పొట్లం కట్టి బాలమ్మ ఇంటికి తీసుకుపోయాడు. గడప ఎక్కలేదు, బయటే నిలబడి విప్పి చూపించాడు. జరిగిందంతా చెప్పాడు. బాటిల్ సంగతి, బీరువా తాళం సంగతి, రామ్‌చందర్ నోరు మూయించిన సంగతి ఏదీ దాచలేదు.

బాలమ్మ శాంతంగానే విన్నది. "మసి ఉంటే ఉండొచ్చు బిడ్డా," అంది. "గని ఆ మసి అక్కడికే వచ్చి ఎందుకు అడ్డంపడ్డది? నా కోడలు తప్పయిందన్నంక ఎందుకు తొలిగింది? నా కొడుకే ఆపిండు, నా కొడుకే కదిలిచ్చిండు." ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా గుండయ్యకు రాలేదు. కొడుకు ఊరికే పోయాడంటే ఆ తల్లి భరించలేదు. ఎవరో ఒకరు చంపితేనే ఆమెకు కాస్త ఊపిరి ఆడుతుంది.

బాలమ్మ కోడలి చేతి నీళ్లు ముట్టడం మానేసింది. నల్లా దగ్గర నందిని వస్తే మిగతావాళ్లు బిందెలు పక్కకు జరుపుకునేవారు. గుండయ్య కనిపించినవాళ్లందరికీ చెప్పి చూశాడు. విన్నారు, తలలూపారు, వెనక్కి తిరిగి నవ్వారు. ఆఖరికి ఆ పిల్ల కంచన్‌బాగ్‌లో అక్క ఇంటికి వెళ్లిపోయిందని తెలిసింది. గుండయ్యకు అన్నం సహించేది కాదు. "గా పిల్లకు ఒక్కసారి చెప్పాలె," అని ఆగమ్మతో అనేవాడు. "ఊరంత నమ్మకపోతే పాయె. ఆమె నమ్మితే చాలు నాకు."

వెతుక్కుంటూ పోవాల్సిన పని లేకపోయింది. వానలు మొదలయ్యాక ఒక పొద్దున నందినే బండి నిలిపే షెడ్డు దగ్గరికి వచ్చింది. చిక్కి సగమైంది. గుండయ్య స్టూలు వేసి, చాయ్ తెప్పించి, ఇన్నాళ్లుగా కడుపులో మూలుగుతున్నదంతా చెప్పాడు. మసి ఎలా పడుతుందో, వేడికి ఎలా ఆగుతుందో, చల్లారితే ఎలా అందుకుంటుందో బండి మూత ఎత్తి మరీ చూపించాడు. "నువ్వు అనకున్నా అప్పుడు స్టార్ట్ అయ్యేదే బిడ్డా. నీ తప్పు ఇసుమంత కూడ లేదు. తప్పంత మాది."

నందిని బండి వంక చూస్తూ ఓపిగ్గా విన్నది. చివరిదాకా విన్నాక తల ఊపింది.

"నువ్వు మంచోనివి అన్నా. నా మనసు నొవ్వొద్దని చెప్తున్నవ్," అంది. "గని నేను సుత అక్కడనే ఉన్న గదా. నువ్వు ఎన్నిసార్లు తిప్పినా రాలే. నేను అనంగనే వచ్చింది. మొదట్ల నేను గూడ నమ్మలే. రోజూ పండుకునే ముందు ఆ పొద్దు సంగతంత తిరగేసి చూస్త. బువ్వ ఉడకలేదు జర ఆగు అన్న, పనికాడ తింట అని పోయిండు. గంతే యాదికొస్తది. ఏం తప్పు చేసిన్నో ఎంత ఎతికినా దొర్కుతలేదు."

ఆమె స్టూలు మీదనుంచి లేచి అతని ముందు నిలబడింది.

"గందుకే వచ్చిన అన్నా. ఆఖరిదాక ఆయనతోని ఉన్నది నువ్వే గదా. ఏం తప్పో నీకేమన్న తెల్సిందా?"