ఆరు గంటల కబురు

దీవిలో దిగేసరికి ఉదయం ఐదు నలభై. పడవ ఒడ్డుదాకా రాలేదు. మోకాటిలోతు నీళ్లలోకి దూకి, తుపాకీ పైకెత్తి పట్టుకొని నడిచాం. వీపున ఇరవై రెండు కిలోల మూట. నాలుగు రోజుల తిండి, టార్పాలిన్, తాడు, జలగల కోసం ఉప్పు. నికోబార్ వైపు దీవి అది. ఊరు లేదు, దారి లేదు. ఎడమపక్క అడవి, కుడిపక్క సముద్రం. ఒడ్డు వెంబడి దక్షిణం కొసన ఉన్న మా సైనిక పోస్టుదాకా నడవాలి. బయటి దేశాల పడవలు ఆగిన జాడలుంటే రాసుకోవాలి. ఆర్డర్ అంతే.

ఐదుగురం. మా పెద్ద హవల్దారు, గఢ్వాల్ కొండల మనిషి. రేడియో ఆపరేటర్ మాత్రం మనవాడే, భద్రాచలం అవతల దుమ్ముగూడెం అడవిపల్లె. నాది నేలకొండపల్లి. అంత దూరంలో తెలుగు మాట వినపడటమే మా ఇద్దరికీ పండగ.

రోజుకు రెండుసార్లు, ఉదయం ఆరుకు, సాయంత్రం ఆరుకు, బేస్‌తో మాట్లాడాలి. నాకు ఆ రెండు ఆర్ల కోసమే తెల్లవారేది. ఖమ్మంలో నా భార్యకు తొలికాన్పు రోజులు. లీవు దొరకలేదు. బేస్‌లో క్లర్కు మా ఇంటికి ఫోన్ చేసి, తెలిసింది రేడియోలో చెప్పేవాడు. హిందీలోనే, అతనికి ఇంకో భాష రాదు.

రెండో రోజు ఉదయం ఆపరేటర్ హ్యాండ్‌సెట్ దించి నావైపు తిరిగాడు.

"అన్నా, వదినెకు నొప్పులు మొదలైనయంట. దవాఖానాల చేర్పించిండ్రంట."

"ఎట్లున్నదంట?"

"ఇంకేం చెప్పలే. సాయంత్రం ఆరుకు చెప్తరంట."

పదకొండుకు సముద్రంలో కలిసే వాగొకటి అడ్డమొచ్చింది. దాటే చోటు వెతకడానికి హవల్దారు మిగతా ఇద్దరితో అడవిలోకి వెళ్లాడు. సామాను పైన చెట్ల కింద పెట్టమని చెప్పి మరీ వెళ్లాడు. పైన బురద, వేర్లు, జలగలు. కింద మెత్తటి ఇసుక. తెల్లవారుజామున మూడింటికి నడక మొదలుపెట్టిన కాళ్లు ఇసుకనే కోరుకున్నాయి.

అక్కడ నా తెలివి చూపించాను. మా మేనమామది భద్రాచలం. గోదారి పొంగినప్పుడు నీటి అంచున కర్ర పాతి, వరద పెరుగుతోందో తీస్తోందో చూడటం చిన్నప్పటి నుంచి అలవాటు. ఇక్కడా ఒక కర్ర పాతాను. గంటలో నీళ్లు పది అడుగులు వెనక్కి పోయాయి.

"తీసింది తమ్మీ."

"అవ్ అన్నా. ఒకసారి తీసినంక మళ్ల యాడొస్తది? పండుకుందాం."

ఆటుపోట్ల గురించి శిక్షణలో చెప్పకపోలేదు. పరీక్ష కూడా రాశాం. కానీ నీళ్లు వెనక్కి పోతుంటే మా గోదారి కళ్లకు ధైర్యం వచ్చేసింది. టార్పాలిన్ పరిచి, రేడియో సెట్టు తల దగ్గర పెట్టుకొని నిద్రపోయాం.

చెవిలోకి నీళ్లు పోతే మెలకువ వచ్చింది. నాలుగు యాభై. సెట్టూ స్పేర్ బ్యాటరీ అలల్లో దొర్లుతున్నాయి. కర్ర ఆనవాలు లేదు.

హవల్దారు తిరిగొచ్చి చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇది సముద్రం. వెళ్తుంది, వస్తుంది," అన్నాడు హిందీలో. "పోస్టు చేరేదాకా నీకు కబురు లేదు."

సాయంత్రం ఆరైంది. ఖమ్మంలో ఏం జరిగిందో బేస్‌కు తెలుసు. నాకు తెలియదు.

మర్నాడంతా నడిచాను. అన్నం గొంతు దిగలేదు. తాబేళ్లు ఇసుకలో గీసిన చాళ్లు, తెల్లటి నురుగు, వాన వెలిశాక అడవి మీద ఎండ. అవన్నీ ఇప్పుడు కలల్లోకొస్తాయి. అప్పుడు మాత్రం ఆ సముద్రాన్ని తిట్టుకుంటూ నడిచాను. ఆగిన చోటల్లా ఆపరేటర్ సెట్టు విప్పి తువ్వాలతో తుడిచి ఆరబెట్టాడు.

సాయంత్రం ఆరుకు వాడు ఒక బండ ఎక్కాడు. యాంటెన్నా నిలబెట్టి హ్యాండ్‌సెట్ చెవికి పెట్టుకున్నాడు. సెట్టు మీద లైటు వెలగలేదు. నాకు కనపడుతూనే ఉంది.

"అవ్... అవ్... మంచిది," అన్నాడు తెలుగులో, హిందీ తప్ప రాని క్లర్కుతో. తర్వాత నావైపు తిరిగాడు. "అన్నా, తల్లీబిడ్డా మంచిగున్నరంట."

"మంచిది తమ్మీ," అన్నాను. ఆ పూట కడుపునిండా తిన్నాను.

నాలుగో రోజు పోస్టు చేరి ఇంటికి ఫోన్ చేశాను. ఆడపిల్ల. మొన్న సాయంత్రం పుట్టిందట. ఇద్దరూ క్షేమం. వెనక నుంచి వాడు, "నేను చెప్పలేదా అన్నా?" అన్నాడు. నేను వాడిని గట్టిగా పట్టుకొని ఏడ్చేశాను.

సర్వీసు ముగించుకొని ఇంటికొచ్చి మూడేళ్లు. బిడ్డకు ఏడేళ్లు నిండాయి. "నాయినా, ఆ సముద్రం నాకు చూపియ్యవా?" అంటుంది. ఆ ఒడ్డుకు మామూలు మనుషుల్ని పోనివ్వరు. ఇప్పుడు నేనూ మామూలు మనిషినే. ఆపరేటర్ ఇంకా సర్వీసులోనే, ఎక్కడో ఎడారిలో ఉన్నాడు. వాడి మీద బెంగగా ఉంటుంది. ఆ తీరం మీద కూడా.

సాయంత్రం ఆరైతే చేతిలో పని ఆగిపోతుంది. ఆ బండ, దాని మీద తడి బట్టలతో వాడు. పలకని హ్యాండ్‌సెట్ చెవికి ఆనించుకొని, నాకోసం "అవ్, అవ్" అంటూ ఉంటాడు.