కాలదోషం పట్టే దాకా

మోటార్లకు వైండింగ్ చేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ పాదరసం అనేవారు. ఆయన కూర్చుని టీ తాగగా చూసినవాళ్లు లేరు. ఒక చేత్తో గ్లాసు పట్టుకుని రెండో చేత్తో కాలిన మోటారు మూత విప్పేవాడు. ఫోన్లో మాట్లాడుతూ రాగితీగ చుట్టలు సర్దేవాడు. అలాంటి మనిషికి ఒక పెద్దాయన ఇచ్చిన సలహా, ఏమీ చేయకుండా ఉండమని.

అంతకుముందు ఆయనకు నీటి పంపులు అమ్మే దుకాణం ఉండేది. పొత్తుదారు సరుకు అమ్ముకుని ఊరు దాటాక అది మూతపడింది. మూతపడిన దుకాణానికి పన్ను బాకీ ఉందని ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇల్లమ్మి కడదామంటే ఇల్లు అద్దెది.

సలహా ఇచ్చినాయన రిటైరైన కోర్టు గుమాస్తా. టేబుల్ ఫాను బాగు చేయించుకోవడానికి వచ్చి, మాటల్లో సంగతి విని అన్నాడు:

"పన్ను వేసిన పదేళ్లలోగా వసూలు చేసుకోలేకపోతే ఇక అడగడానికి వాళ్లకి హక్కుండదయ్యా. బాకీకి కాలదోషం పడుతుంది. ఈలోగా నువ్వు మాత్రం వాళ్ల గడప తొక్కకు. పది రూపాయలు కట్టినా, వాయిదాలిమ్మని అర్జీ పెట్టినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పేరున ఏమీ ఉంచుకోకు, కదలకుండా కూర్చో."

"కదలకుండానా?"

"అదే, నీకు కాస్త కష్టం," అన్నాడు గుమాస్తా ఆయన కాలు ఊగడం చూసి.

అప్పటి నుంచి ఆయన పేరు ఎక్కడా లేకుండా పోయింది. స్కూటరు, ఫోను, బ్యాంకు ఖాతా, ఆఖరికి వైండింగ్ షాపు కూడా బావమరిది పేరు మీదే. భార్య పేరున పెడితే మొదట తవ్వేది అక్కడేనని గుమాస్తా వద్దన్నాడు. బావమరిది బడి పిల్లల వ్యాను నడుపుతాడు. మోటారుకి తీగ ఏ వైపు నుంచి చుడతారో తెలియదు. బోర్డు మీద మాత్రం ప్రొప్రయిటరు అతనే. సాయంత్రాలు వచ్చి స్టూలు మీద కూర్చుని, "ఏం పాదరసం, పని సరిగ్గా జరుగుతోందా? జీతం కోసెయ్యమంటావా?" అనేవాడు.

"కొయ్యండి యజమాని గారూ. ముందు జీతమంటూ ఇస్తే," అనేవాడు ఈయన.

అక్కడే తీగ చుట్టే చట్రం తిప్పుతూ ఉండే ఆయన భార్య ఈ హాస్యానికి మొదట్లో నవ్వేది. తర్వాత తర్వాత తల ఎత్తడం మానేసింది.

పదో ఏడు ముగియవచ్చింది. ఈ నెలాఖరు గడిస్తే చాలు. సరిగ్గా అప్పుడే షాపు గది అమ్మకానికి వచ్చింది. గది ఓనరమ్మ ముందు వీళ్లనే అడిగింది. గది పోతే పదేళ్ల ఖాతాదార్లు పోతారు. కూడబెట్టినది సరిపోతుంది కానీ, బావమరిది వ్యాను అప్పు వాయిదాలు తప్పి ఉన్నాడు. అతని పేరున గది కొంటే అప్పులవాళ్లు తన్నుకుపోతారు.

"ఈసారి నీ పేరునే కొనుక్కో బావా. నెల తిరిగితే నువ్వు స్వతంత్రుడివి కదా," అన్నాడతను.

"నెలాఖరు దాకానే ఆగుతాను. మందుల షాపాయన అడ్వాన్సు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు," అంది ఓనరమ్మ.

ఆ నెల పాదరసం కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. రోజూ క్యాలెండరు ముందు నిలబడేవాడు. వార్నిష్ ఆరకుండానే మోటారు బిగించి, మళ్లీ విప్పేవాడు. పోస్టు తెచ్చేవాడు వీధి మలుపులో కనిపిస్తే వెనక గదిలోకి వెళ్లిపోయేవాడు.

"నడిచినంత దూరం నడిచాం. ఇక నాలుగు అడుగులేగా, కాస్త నెమ్మదించండి," అనేది భార్య.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం పన్నుల ఆఫీసు వాచ్‌మన్ షాపు ముందు ఆగాడు.

"అన్నా, మా ఆఫీసు మోటారు కాలిపోయింది. మూడంతస్తులకీ చుక్క నీళ్లు లేవు. అందరూ పక్కనున్న హోటల్లోకి పరిగెడుతున్నారు. నువ్వొస్తేగానీ లాభం లేదు."

భార్య చట్రం ఆపేసింది. "ఖాళీ లేదని చెప్పండి," అంది గొంతు తగ్గించి. ఆయన అప్పటికే స్పానర్ల సంచి భుజాన వేసుకున్నాడు.

"పంపు దొడ్లో ఉంటుంది. నేను గడప తొక్కితేగా," అన్నాడు.

మోటారు విప్పి తెచ్చి, భార్యతో కలిసి తీగ చుట్టి, మర్నాడు బిగించి వచ్చాడు. టాంకులో నీళ్లు పడ్డ చప్పుడుకి పైనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. క్యాష్ చూసే గుమాస్తా, కళ్లద్దాలు తాడుతో మెడలో వేసుకున్న ఆవిడ, మెట్లు దిగి వచ్చింది.

"బిల్లు ఎవరి పేరున?"

బావమరిది పేరు చెప్పాడు.

"మీరెవరు?"

"పనివాణ్ణి."

ఆ మాట ఆయన ఎందరితోనో అన్నాడు. నోటికి బాగా అలవాటైన మాటే.

"డబ్బులు మీరు తీసుకుంటే మీ పేరుతో సంతకం కావాలి. లేదంటే యజమానిని పంపండి."

"ఆయన్నే పంపుతానమ్మా," అని బయటపడ్డాడు.

ఇంటికొచ్చాడేగానీ చెవిలో ఆ మోటారు మోగుతూనే ఉంది. బేరింగు చప్పుడు. ఆ సైజు కొత్తది బజారులో దొరక్క పాతదే శుభ్రం చేసి వేశాడు. అది పట్టేస్తే వైండింగ్ మళ్లీ కాలుతుంది. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు.

"అది వాళ్ల మోటారు. కాలనివ్వండి," అంది భార్య.

"చుట్టింది మనం కదే."

"మునిగిపోతామండీ. ఇంకెన్ని రోజులని? పదేళ్లు ఆగారు, వారం ఆగలేరా?"

రెండు రోజులు ఆగాడు. మూడో రోజు బేరింగు దొరికింది. భార్య నీళ్లు తేవడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు జేబులో వేసుకుని బయల్దేరాడు.

బేరింగు మార్చడం ఎంతసేపటి పని! స్విచ్ వేస్తే మోటారు గుసగుసలాడినట్టు తిరిగింది. సంచి సర్దుకుని వెళ్లిపోవచ్చు. వాచ్‌మన్ గేటు కూడా తీసి పట్టుకున్నాడు. కానీ నెలాఖరు అంటే నెలాఖరేనా, మర్నాడు పొద్దున ఎవరైనా వచ్చి ఇది తప్పు అంటారా అన్న అనుమానం లోపల పురుగులా తొలుస్తోంది. గది పత్రం మీద పేరు రాశాక తెలిస్తే? తనకు తెలియకుండానే మెట్లెక్కాడు.

గుమాస్తావిడ ఏదో ఫైలు కుడుతోంది.

"మేడం, ఒక మాట. పాత పన్ను పదేళ్లు దాటితే పోతుందంటారు. నిజమేనా?"

ఆవిడ సూది ఆపింది. "ఎవరిది?"

"తెలిసినవాళ్లది."

"అయితే ఆ తెలిసినవాళ్లని అడగమనండి. పేరు చెప్పకపోతే నేను ఏం చూడాలి? చెబితే చూడక తప్పదు. ఆలోచించుకోండి." ఆవిడ మళ్లీ సూదిలో దారం సరిచేసుకుంది. వెళ్లమని చెప్పడమే అది. ఆయనకూ అర్థమైంది.

కదల్లేకపోయాడు. జీవితంలో కదలకుండా నిలబడ్డది అప్పుడే.

"నాదేనమ్మా," అని పేరు చెప్పాడు.

ఆవిడ కంప్యూటరులో చాలాసేపు వెతికింది. కళ్లద్దాలు పెట్టుకుంది, తీసింది.

"ఉత్తర్వు వచ్చిన కొత్తలో అప్పీలు పెట్టారా?"

"పెట్టాను. ఎవరో చెబితే. రెండేళ్లు నాని చివరికి కొట్టేశారు. దాన్ని ఎప్పుడో మర్చిపోయాను."

"అప్పీలు నడిచినంత కాలం మేం వసూలు చేయకూడదు. కాబట్టి ఆ రెండేళ్లు లెక్కలోకి రావు. మీకు గడువు ఈ నెలతో తీరదు. ఇంకో రెండేళ్లుంది."

ఎవరి మాటో విని పెట్టిన అప్పీలు సంగతి ఫాను బాగు చేయించుకోవడానికి వచ్చినాయనకు ఎవరు చెబుతారు? చెప్పుకోవడానికి అదేమైనా గొప్పా? ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇప్పుడేం చేస్తారు?"

"ఇప్పుడు మీరెక్కడుంటారో తెలిసింది. నోటీసు వెళ్తుంది. లేదా వాయిదాలకి అర్జీ పెట్టుకోండి. సక్రమంగా కట్టినంత కాలం మీ పేరున ఉన్నదాని జోలికి రాం. కానీ పెడితే గడువు మాట ఇక మర్చిపోవాలి. పూర్తిగా కట్టాల్సిందే."

ఇంకో రెండేళ్లు. స్టూలు మీద కూర్చున్న యజమాని గారు, తలెత్తని భార్య, పనివాణ్ణి అన్న మాట.

"నావల్ల కాదమ్మా. కాయితం ఇవ్వండి."

సంతకం రెండుసార్లు పెట్టించిందావిడ. మొదటిది పాత ఫైలులో ఉన్నదానితో కలవలేదు.

షాపుకు వచ్చేసరికి భార్య గడపలోనే ఉంది. ఆయన చెప్పింది అంతా నిలబడి విన్నది. చేతిలోని తీగచుట్ట నేలకేసి కొట్టింది.

"పదేళ్లు! నా తమ్ముడి కాళ్లకింద పదేళ్లు బతికాం. ఏరు దాటబోతూ పడవ ముంచుతారా?"

"దాటడం లేదే. ఇంకో రెండేళ్ల ఏరుంది, మనకి తెలీదంతే."

ఆవిడ గడప మీదే కూర్చుంది. తర్వాత, "నెలకెంత?" అంది. చెప్పాడు. "ఏడాది తిరిగేసరికి గది కొనే డబ్బులో సగం దానికే పోతుంది," అని తీగచుట్ట తీసి చిక్కు విప్పడం మొదలుపెట్టింది.

మందుల షాపాయన గది కొనుక్కున్నాడు. ఓనరమ్మ మంచిదే, ఖాళీ చేయడానికి నెల గడువు ఇప్పించింది.

వెనక వీధిలో ఒక షెడ్డు అద్దెకు దొరికింది. చీకటి గది, ఒక్కటే కిటికీ. ఒప్పందం రాసే రోజు బావమరిది కూడా వచ్చాడు.

"అయితే నన్ను ఉద్యోగంలోంచి తీసేసినట్టేనా బావా?"

"జీతం ఇవ్వని యజమానివి. ఎవరు ఉంచుకుంటారు?"

షెడ్డు ఆయన కలం తీసి, "అద్దెకు ఎవరి పేరున రాయమంటారు?" అన్నాడు.

బావమరిది, భార్య ఇద్దరూ ఆయన వైపు చూశారు. ఆయన పేరు చెప్పాడు. ఇంటిపేరు కూడా చెప్పి, తప్పు లేకుండా రాశాడో లేదో అని కాగితం మీదికి వంగాడు.