మా నాయన లారీ తెల్లగా ఎందుకొచ్చింది

మా చిన్నప్పుడు... ఐరాలలో మా మేనమామ ఎరువుల అంగడి వెనక గదిలో, యూరియా మూటల మీద మా నాయన కూర్చుని ఉన్నాడు. బయట మామిడికాయల లోడుతో లారీ నిలబడి ఉంది. కంప్యూటర్ ముందు నేను.

"ఏదీ పాపా, నా బండి సూపించు. మళ్ళా చెన్నైకి పోవాల" అన్నాడు.

నేను మౌస్ నొక్కాను. చిన్న నల్ల విండో ఒకటి ఇలా తెరుచుకుని అలా మూసుకుపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అంతే...

ఇప్పుడు తలచుకున్నా ఒళ్ళు మండుతుంది నాకు.

అప్పట్లో లారీ నడిపే గేమ్ ఒకటి ఉండేది. మనకు కావలసిన బండ్లు, రోడ్లు, హారన్లు విడిగా తెచ్చి దానికి కలుపుకోవచ్చు. వాటిని మోడ్‌లు అనేవాళ్ళం. వేసవి సెలవులంతా కూర్చుని, అందులో ఒక లారీకి మా నాయన బండి రంగులు వేశాను. పచ్చ క్యాబిన్, పసుపు పట్టీ, అద్దం పైన కాణిపాకం వినాయకుడు, వెనక డోరు మీద రెండు చిలకలు, డ్రైవర్ తలుపు మీద చిన్నగా నా పేరు... నాయనే రాయించిన పేరు అది. బండి మాత్రం మాది కాదు, ఓనరుది. నేను పుట్టకముందు నుంచీ నాయనే నడుపుతున్నాడు. ఆ సీజన్‌లోనే అమ్మేస్తానని ఓనరు చెప్పేశాడు. గేమ్‌లోనైనా ఆ బండి నాయనకు మిగలాలని నా పంతం.

చిక్కల్లా ఏమిటంటే, ఆ మోడ్‌లు ఒక వరుసలో ఉండాలి. వరుస తప్పితే వేసిన రంగులన్నీ పోయి, బండి సున్నం కొట్టిన గోడలా తెల్లగా వస్తుంది. వరుస సర్దడానికి ఒక చిన్న టూల్ ఉంటుంది. చిత్తూరు నెట్ సెంటర్‌లో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని తెచ్చాను. తీరా చూస్తే అదే తెరుచుకోదు!

ఏం చేయలేదు నేను? తీసేసి మళ్ళీ ఎక్కించాను. యాంటీవైరస్ ఆపాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఒక్కసారి మాత్రం మూసుకుపోయే ముందు ఇంగ్లీషులో ఒక ముక్క కనిపించింది... ఏదో సర్టిఫికెట్, దాని గడువు ఇంకా మొదలే కాలేదట. నాకు తెలిసిన సర్టిఫికెట్లు కులానిది, ఆదాయానిది. వాటితో లారీకేం పని?

అంతలో మామ వచ్చాడు. "ఏమ్మే, నీ ఆటలతో వైరస్ తెచ్చిపెట్టినావు కదా! నెట్టు కూడా సరిగా వస్తా లేదు. లెయ్ ఆడ్నించి!"

"ఉండు బావా, పిల్ల ఏందో సూపిస్తా ఉండాది" అన్నాడు నాయన.

ఇక చేసేది లేక టూల్ వదిలేసి గేమ్ తెరిచాను. తెల్ల లారీ వచ్చింది. చిలకలు లేవు, వినాయకుడు లేడు, నా పేరు లేదు. నాయన కాసేపు చూశాడు. "బాగుండాది పాపా... అచ్చం మన బండే" అన్నాడు. నా తల నిమిరి వెళ్ళిపోయాడు.

నన్ను చిన్నబుచ్చలేక అన్న మాట అది. అందుకే ఇంకా కోపం వచ్చింది. టూల్ మీద, కంప్యూటర్ మీద, మామ మీద, అందరి మీదా.

ఆ బండికి అదే ఆఖరి ట్రిప్పు. చెన్నైలో లోడు దించగానే ఓనరు దాన్ని అటునుంచి అటే అమ్మేశాడు. నాయన క్యారియరూ దుప్పటీ చంకన పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చాడు.

ఆ తర్వాత ఒకరోజు అంగట్లో మా అత్త బిల్లు కొడుతోంది. తేదీ అచ్చయిన బిల్లు మీదే మళ్ళీ రబ్బరు స్టాంపుతో ఇంకో తేదీ వేసింది. ఎందుకని అడిగాను.

"అచ్చయింది తప్పు తేదీ లేమ్మే. ఈ బిల్లుల సాఫ్ట్‌వేర్‌ను ఊరికే వాడుకునే గడువు ఎప్పుడో అయిపోయినాది. మీ మామ తేదీని ఎనక్కి తిప్పి తిప్పి పెడతాడు, అందుకే ఇంకా పని చేస్తా ఉండాది" అని గొప్పగా చెప్పింది.

స్క్రీన్ మూలకు చూశాను. బయట వీధంతా మామిడిపండ్ల వాసన. కంప్యూటర్‌లో ఫిబ్రవరి... అదీ ఎప్పటి ఫిబ్రవరో!

గడువు మొదలు కాలేదంటే ఇదన్నమాట. ఆ టూల్, దాని సర్టిఫికెట్ ఇంకా పుట్టని రోజుల్లో ఉంది మా మామ కంప్యూటర్. ఇక అదెలా తెరుచుకుంటుంది? వెబ్‌సైట్లకూ అలాంటి సర్టిఫికెట్లే ఉంటాయి కాబట్టి, నెట్టు సరిగా రాకపోవడానికీ కారణం అదే. నా ఆటలూ కాదు, వైరసూ కాదు.

అత్త లోపలికి వెళ్ళగానే తేదీ సరిచేసి నొక్కాను. తెరుచుకుంది! వరుస సర్దేసింది. గేమ్‌లో పచ్చ లారీ, పసుపు పట్టీ, చిలకలు, తలుపు మీద నా పేరు... స్క్రీన్‌షాట్ తీసి పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను. చూడాల్సిన మనిషి చూడకుండా వెళ్ళిపోయాక వచ్చింది నా లారీ. ఏడుపు ఆగలేదు.

తేదీ మారేసరికి బిల్లుల సాఫ్ట్‌వేర్ మూతపడింది. మామ వచ్చి నా వీపు మీద ఒకటిచ్చాడు. మళ్ళీ ఫిబ్రవరి పెట్టుకున్నాడు. నన్ను మాత్రం ఇక ఆ గది గడప తొక్కనివ్వలేదు. మా ఇంట్లో కంప్యూటర్ లేదు, ఆ స్క్రీన్‌షాట్ నాయనకు చూపించే దారే లేకపోయింది.

ఇప్పుడు ఫోన్లో తేదీ దానంతటదే సరిపోతుంది. మోడ్‌లు వాటంతటవే సర్దుకుంటాయి. ఆ లారీ ఏ తుక్కు అంగట్లో తేలిందో తెలియదు. నాయన ఏర్పేడు దగ్గర కాలేజీ బస్సు నడుపుతున్నాడు. మొన్న పాత పెన్‌డ్రైవ్ దొరికితే ఆ స్క్రీన్‌షాట్ ఆయన ఫోన్‌కి పంపాను. చాలాసేపటికి ఫోన్ చేశాడు.

"పాపా... ఆ పొద్దు నువ్వు సూపించాలనుకునింది ఇదా?"

మామ మాత్రం ఇప్పటికీ ఏ పెళ్ళిలో కనిపించినా "నా కంప్యూటర్‌ను నాశనం చేసింది ఈ పిల్లే" అని నలుగురినీ నవ్విస్తాడు. మామా, నువ్వూ ఈ గ్రూపులో ఉన్నావని నాకు తెలుసు. నేనేమీ నాశనం చేయలేదు. నీ ఫిబ్రవరి వల్ల మా నాయన తెల్ల లారీని చూసి, బాగుందని అబద్ధం చెప్పి వెళ్ళాల్సొచ్చింది.

చేయని తప్పు మీ నెత్తినా ఎప్పుడో పడే ఉంటుంది కదా... కింద రాయండి. మా మామ కూడా చదువుతాడు.